అద్దం మధ్యలో లావా, అంచున లావా?

ఇంట్లో పెద్దవాళ్లు పేపరు చదవడానికి పెట్టుకునే చత్వారం కళ్లజోడు ఒకటి, కాలేజీకి వెళ్లే పిల్లల సైటు కళ్లజోడు ఒకటి తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ముందువైపు నుంచి చూస్తే రెండింటి అద్దాలూ ఉబ్బెత్తుగానే ఉంటాయి. అంచునొకసారి, మధ్యనొకసారి వేళ్ల సందున పట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది. చత్వారం అద్దం మధ్యలో లావు, అంచుల్లో పలచన. సైటు అద్దం మధ్యలో పలచన, అంచుల్లో లావు. మొదటిది కుంభాకార కటకం, రెండోది పుటాకార కటకం. గాలిలో ఉన్న గాజు కటకం లోంచి వెళ్లే కిరణం ఎప్పుడూ లావుగా ఉన్న వైపుకే వంగుతుంది. అందుకే మొదటిది కిరణాలను ఒకచోటికి పోగు చేస్తుంది, రెండోది విడదీస్తుంది. మిగతా కథంతా ఇందులోంచి పుట్టిందే.

స్కూలు పుస్తకాల్లో కుంభాకార కటకానికి ఐదారు కిరణచిత్రాలు ఉంటాయి, పుటాకార కటకానికి ఒకటో రెండో. దాంతో రెండోది ఏదో లెక్క కోసం ఉన్న కటకం అనే అభిప్రాయం చాలామందిలో ఉండిపోయింది. అది సరికాదు. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలు మనిషి కంటపడ్డా, టెలిస్కోపు బొమ్మకు పట్టిన రంగుల అంచులు వదిలినా, మన సినిమా తెర వెడల్పయినా అందులో పుటాకార కటకం వాటా ఉంది. ఆ సంగతులన్నీ ముందు ముందు వస్తాయి.

ముట్టుకోకుండా గుర్తుపట్టాలంటే

అద్దాన్ని పుస్తకానికి జానెడు ఎత్తులో పట్టుకుని, అందులోంచి అక్షరాలను చూస్తూ మెల్లగా కుడివైపుకు జరపండి. అక్షరాలు ఎడమవైపుకు జరిగితే అది ప్లస్ అద్దం, అంటే కుంభాకారం. అద్దంతో పాటే కుడివైపుకు జరిగితే మైనస్, అంటే పుటాకారం. అసలు కదలకపోతే పవర్ లేని ఉత్త అద్దం. పవర్ కొలిచే మెషిన్లు రాకముందు కళ్లజోళ్ల దుకాణాల్లో నడిచింది ఈ పద్ధతే. తెలియని అద్దానికి, పవర్ తెలిసిన వ్యతిరేక రకం అద్దాలను ఒక్కొక్కటిగా ఆనిస్తూ పోయేవారు. ఏ అద్దం దగ్గర అక్షరం కదలడం ఆగిపోతే, దాని పవరే అసలు అద్దానికీ ఉన్నట్టు, గుర్తు మాత్రం తారుమారు.

ఎదుటి మనిషి ముఖం చూసి కూడా చెప్పొచ్చు. ప్లస్ అద్దాల వెనక కళ్లు పెద్దవిగా కనిపిస్తాయి. మైనస్ అద్దాల వెనక చిన్నవిగా కనిపిస్తాయి. పవర్ బాగా ఎక్కువైతే కణత దగ్గర ముఖం అంచు లోపలికి జరిగినట్టు ఉంటుంది.

గోడ మీద కిటికీ

పగటిపూట గదిలో లైట్లు ఆర్పి, కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర ప్లస్ 2 చత్వారం అద్దాన్ని పట్టుకోండి. గోడ నుంచి అర మీటరు దూరానికి అటూఇటూగా జరుపుతుంటే ఒకచోట కిటికీ బొమ్మ గోడ మీద పడుతుంది. చువ్వలు, బయటి చెట్టు, ఊగే కొమ్మ, ఆకుపచ్చ రంగుతో సహా అన్నీ తలకిందులుగా ఉంటాయి. ఇలా తెర మీద పట్టగలిగే బొమ్మ నిజ ప్రతిబింబం.

ఇప్పుడు మైనస్ అద్దంతో అదే పని చేయండి. ఎంత జరిపినా గోడ మీద బొమ్మ రాదు. అలాగని అక్కడ ఏమీ జరగడం లేదనుకోకండి. అద్దాన్ని ఎండలో పట్టుకుని కింద పడే నీడను చూడండి: మధ్యలో మసక, దాని చుట్టూ ఒక వెలుగు కట్టు. మధ్యలో పడాల్సిన కాంతిని కటకం పక్కలకు తోసిందన్న సంగతి ఆ కట్టే చెబుతుంది. పిల్లలకు కటకాల పాఠం కిరణచిత్రాలతో కాకుండా ఈ నీడతో మొదలుపెడితే ఎంత బాగుంటుందో!

సగం మూస్తే సగం బొమ్మేనా?

కాదు. గోడ మీద కిటికీ బొమ్మ పడుతున్నప్పుడు అద్దంలో పై సగానికి నల్ల కాగితం అడ్డుపెట్టండి. కిటికీ మొత్తం అలాగే ఉంటుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. వస్తువులోని ప్రతి బిందువు నుంచీ వచ్చే కిరణాలు కటకం అంతటా పడతాయి. కటకంలో ఏ ముక్కయినా మొత్తం బొమ్మను గీయగలదు. బాగా చదువుకున్న పిల్లలు కూడా పరీక్షల్లో తరచూ తప్పు రాసే ప్రశ్న ఇది.

కొవ్వొత్తిని దగ్గరకు తెస్తుంటే

దూరం నుంచి వచ్చే కిరణాలను 10 సెంటీమీటర్ల దగ్గర కలిపే, అంటే నాభ్యంతరం 10 సెంటీమీటర్లున్న కుంభాకార కటకం ఒకటి తీసుకుందాం. కొవ్వొత్తి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అవతల 15 సెంటీమీటర్ల దగ్గర సగం సైజులో తలకిందుల మంట కనిపిస్తుంది. కెమెరా చేసే పని ఇదే. కొవ్వొత్తిని 20కి తెస్తే బొమ్మ కూడా 20 దగ్గరే, సరిగ్గా అంతే సైజులో. 15కి తెస్తే బొమ్మ 30కి వెళ్లి రెట్టింపవుతుంది. సినిమా ప్రొజెక్టర్ పని ఇది. 10కి తెచ్చామా, కిరణాలు సమాంతరంగా వెళ్లిపోతాయి, బొమ్మ ఎక్కడా పడదు. లైట్‌హౌస్‌లో దీపాన్ని ఉంచేది సరిగ్గా ఈ చోటే. ఇంకా దగ్గరకు, 5 సెంటీమీటర్లకు తెస్తే గోడ మీద వెతకడం దండగ. కటకంలోంచి చూడాలి: నిటారుగా, రెట్టింపు సైజులో మంట కనిపిస్తుంది. ఇది భూతద్దం. తెర మీదకు రాని ఈ బొమ్మ మిథ్యా ప్రతిబింబం. అంటే కెమెరా, ప్రొజెక్టర్, లైట్‌హౌస్, భూతద్దం నాలుగూ ఒకే కటకం. మారింది వస్తువు ఉన్న దూరం ఒక్కటే.

అదే నాభ్యంతరం ఉన్న పుటాకార కటకం ముందు కొవ్వొత్తిని ఎక్కడ పెట్టినా ఫలితం ఒకటే: నిటారుగా, చిన్నగా, మిథ్యా ప్రతిబింబం. 30 దగ్గర పెడితే నాలుగో వంతు, 20 దగ్గర మూడో వంతు, 10 దగ్గర సగం. సైజు మారుతుంది కానీ బొమ్మ తలకిందులు కాదు, పెద్దదీ కాదు.

ఇంకొక సంగతి. ఈ కుంభాకార కటకంతో కొవ్వొత్తికీ గోడకూ మధ్య 40 సెంటీమీటర్ల కన్నా తక్కువ దూరం ఉంటే, కటకాన్ని మధ్యలో ఎక్కడ పెట్టినా గోడ మీద స్పష్టమైన బొమ్మ రాదు. నాభ్యంతరానికి నాలుగు రెట్ల దూరం ఉండి తీరాలి. 45 ఉంటే ఒకటి కాదు, రెండు చోట్ల బొమ్మ వస్తుంది: కటకం కొవ్వొత్తికి 15 దూరంలో ఉన్నప్పుడు పెద్దది, 30 దూరంలో ఉన్నప్పుడు చిన్నది.

నీళ్లలో ముంచితే

మామూలు గాజు కటకాన్ని నీళ్లలో ముంచితే దాని నాభ్యంతరం దాదాపు నాలుగు రెట్లవుతుంది, అంటే పవర్ నాలుగో వంతుకు పడిపోతుంది. నీళ్లలోని గాలిబుడగైతే చూడటానికి గుండ్రంగా, నిండుగా ఉబ్బి ఉన్నా పుటాకార కటకంలా కిరణాలను విడదీస్తుంది. చుట్టూ ఉన్న పదార్థం కన్నా లోపలిది కాంతిని తక్కువగా వంచేదైతే కటకం గుణం తిరగబడుతుంది. కాబట్టి ఆకారం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

మనకు నీళ్లలో కళ్లు తెరిస్తే అంతా మసకగా కనిపించడానికీ ఇదే కారణం. మనిషి కంటి మొత్తం పవర్ సుమారు 60 డయాప్టర్లు (కటకం పవర్‌ను కొలిచే ప్రమాణం ఇది). అందులో మూడింట రెండు వంతులు ముందున్న నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియాదే; లోపల మనం కటకం అని పిలుచుకునేదాని వాటా మూడో వంతే. నీళ్లు, కార్నియా రెండూ కాంతిని ఇంచుమించు ఒకేలా వంచుతాయి కాబట్టి మునగగానే ఆ పెద్ద వాటా పోతుంది. చేపల కంటి కటకం గోలీలా గుండ్రంగా ఉండేది అందుకే. కార్నియా సాయం లేని చోట అంత ఉబ్బు ఉంటేనే పని జరుగుతుంది.

మన కంట్లో ప్రపంచం తలకిందులు

కుంభాకార కటకం ఉన్నచోట నిజ ప్రతిబింబం తలకిందులే కదా, మరి కంట్లో? కంట్లోనూ అంతే. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుందని 1604లో కెప్లర్ లెక్కగట్టి చెప్పాడు. 1625లో క్రిస్టాఫ్ షైనర్ ఎద్దు కన్ను తీసుకుని, వెనక పొర ఒలిచి, అక్కడ పడుతున్న తలకిందుల బొమ్మను స్వయంగా చూశాడు. 1890లలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ స్ట్రాటన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒక కన్ను మూసేసి, రెండో కంటికి దృశ్యాన్ని తిప్పే కటకాల గొట్టం కట్టుకుని రోజుల తరబడి తిరిగాడు. మొదట్లో గ్లాసు అందుకోవడం కూడా కష్టమైంది. రోజులు గడిచేకొద్దీ చేతులూ కాళ్లూ ఆ తారుమారు లోకానికి అలవాటు పడ్డాయి. చూపు కంటితోనే పూర్తవదని, మెదడు కూడా నేర్చుకోవాల్సిన పని అని ఇంత తేటగా చూపిన ప్రయోగం మరొకటి నాకు కనిపించదు.

సినిమా హాల్లో ఫిల్మును ప్రొజెక్టర్‌లోకి తలకిందులుగా ఎక్కించేవారన్న సంగతి పాత ఆపరేటర్లందరికీ తెలుసు. కటకం ఎలాగూ తిప్పేస్తుంది కాబట్టి ముందే తిప్పి పెట్టడమన్నమాట.

చందమామల్ని చూపించిన జంట

1608లో నెదర్లాండ్స్‌లో కళ్లజోళ్లు చేసే హాన్స్ లిపర్‌షే దూరపు వస్తువులను దగ్గరగా చూపే గొట్టానికి పేటెంట్ అడిగాడు. ఆ కబురు మరుసటి ఏడాది గెలీలియో చెవిన పడింది. ఆయన తయారుచేసిన టెలిస్కోపులో ముందు కుంభాకార కటకం, కంటి దగ్గర పుటాకార కటకం. ముందుది కిరణాలను ఒకచోటికి పోగుచేస్తుంటే, అవి కలిసి బొమ్మ కట్టేలోపే వెనకది అడ్డుపడి వాటిని మళ్లీ సమాంతరంగా చేసి కంటికి అందిస్తుంది. బొమ్మ కట్టి తిరగబడే అవకాశమే లేదు కాబట్టి దృశ్యం నిటారుగా కనిపిస్తుంది. 1610 జనవరి 7 రాత్రి గురుగ్రహం పక్కన ఒకే వరుసలో మూడు చుక్కలు కనిపించాయి. రోజులు గడిచేకొద్దీ వాటి చోటు మారింది, నాలుగోదీ కనిపించింది. భూమి చుట్టూ తిరగని చందమామలు ఉన్నాయని మనిషికి తెలిసిన సందర్భం అది.

ఈ జంటకు ఒక లోపం ఉంది. ఒక్కసారి కనిపించే ఆకాశం చాలా చిన్నది. నిండు చంద్రుణ్ణి కూడా ముక్కలు ముక్కలుగా చూడాల్సిందే. 1611లో కెప్లర్ రెండూ కుంభాకార కటకాలే పెట్టే పద్ధతి చెప్పాడు. అందులో చూపు విశాలం, కానీ దృశ్యం తలకిందులు. ఆకాశంలో తలా తోకా తేడా ఏముంది కనుక ఖగోళ శాస్త్రజ్ఞులు దాన్నే ఎంచుకున్నారు. నేల మీద చూసే బైనాక్యులర్లకు అది కుదరదు కాబట్టి మధ్యలో పట్టకాలు పెట్టి బొమ్మను నిలబెడతారు. నాటకాలు చూసే చిన్న దుర్భిణుల్లో మాత్రం గెలీలియో జంటే నిలిచింది. ఇంటి తలుపుకుండే చిన్న గాజు కన్ను కూడా దాదాపు ఇదే అమరిక, వెనక్కి తిప్పినట్టు: పుటాకార కటకం బయటివైపు ఉంటుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి నిటారుగా, చిన్నగా, తలనుంచి కాళ్లదాకా కనిపిస్తాడు.

ప్రకృతి ఈ జంటను గెలీలియో కన్నా ఎంతో ముందే కట్టింది. గెంతి వేటాడే పోర్షియా సాలీడు ముందుకళ్లు సన్నని గొట్టాల్లా ఉంటాయి. ముందు కుంభాకార కటకం, గొట్టం అడుగున రెటీనాకు ముందు ఉన్న చిన్న గుంట పుటాకార కటకంలా పనిచేసి బొమ్మను పెద్దది చేస్తుంది. దాదాపు సెంటీమీటరే ఉండే ప్రాణిలో టెలిఫోటో లెన్స్ అన్నమాట.

రంగుల అంచు ఎలా వదిలింది

ఒక్క కుంభాకార కటకం తెల్లని కాంతిని సరిగ్గా ఒకచోట కలపలేదు. నీలం కాస్త ముందు, ఎరుపు కాస్త వెనక కలుస్తాయి. చుక్క చుట్టూ రంగుల అంచు కనిపిస్తుంది. ఇది వదలని జబ్బు అనుకునే న్యూటన్ 1668లో కటకం బదులు దర్పణంతో టెలిస్కోపు చేశాడు.

ఇంగ్లండులో చెస్టర్ మూర్ హాల్ అనే న్యాయవాది దీనికి మందు కనిపెట్టాడు. మామూలు గాజుతో కుంభాకార కటకం, సీసం కలిపిన ఫ్లింట్ గాజుతో పుటాకార కటకం చేసి రెండూ ఆనించాలి. ఫ్లింట్ గాజు రంగులను మరీ ఎక్కువగా చీలుస్తుంది. అందువల్ల తక్కువ పవర్ ఉన్న పుటాకార కటకమే మొదటిది చీల్చిన రంగులన్నిటినీ సరిచేయగలదు, కుంభాకారపు పవర్ మాత్రం కొంత మిగులుతుంది. గుట్టు బయటపడకూడదని 1733 ప్రాంతంలో ఆయన రెండు కటకాలనూ ఇద్దరు వేర్వేరు నిపుణులకు అప్పగించాడట. వాళ్లిద్దరికీ పని ఎక్కువై, ఇద్దరూ జార్జ్ బాస్ అనే ఒకే పనివాడికి అప్పజెప్పారట. ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చునే రెండు కటకాలూ ఒక్కరి కోసమేనని బాస్ గ్రహించాడు. ఆ మాట తర్వాత కటకాలు చేసే జాన్ డాలండ్ దాకా చేరింది, 1758లో పేటెంట్ డాలండ్ పేరు మీద వచ్చింది. ఈరోజు బైనాక్యులర్ల ముందు కటకాలు చాలావరకు ఇలాంటి జంటలే.

మన గడ్డ మీది పెద్ద కటకాలు

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో వేధశాల పెట్టాడు. ఆయన మద్రాసు వేధశాలలో టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నవాడు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించి 1868 సూర్యగ్రహణాన్ని, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించాడు.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించాడు. అదే నిజామియా వేధశాల అయింది, తర్వాత బేగంపేటకు మారింది. ప్రపంచ దేశాల వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని నక్షత్రాల పట్టిక తయారుచేసినప్పుడు హైదరాబాదు వాటా పని 8 అంగుళాల కుక్ టెలిస్కోపుతో ఇక్కడే జరిగింది. తొలి భారతీయ డైరెక్టరు టి. పి. భాస్కరన్. ఈ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో గెలీలియో పక్కనే ఉండాల్సినవి.

1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం రంగాపురంలో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టినప్పుడు అది కటకం కాదు, దర్పణం. అందుకు కారణం ఉంది. దర్పణాన్ని వెనకనుంచి ఎన్ని చోట్లయినా ఆనించి నిలపవచ్చు. కటకం లోంచి కాంతి వెళ్లాలి కనుక దాన్ని అంచుల్లోనే పట్టుకోవాలి. సైజు పెరిగేకొద్దీ గాజు తన బరువుకు తానే కుంగి ఆకారం చెడుతుంది. 1897లో అమెరికాలో మొదలైన యెర్కిస్ వేధశాల టెలిస్కోపు కటకం 40 అంగుళాలు. పరిశీలనలకు వాడిన ముందు కటకాల్లో దాన్ని మించింది రాలేదు. దర్పణపు టెలిస్కోపులకు సాయంగా మాత్రం ఇంకా పెద్ద కటకాలు వచ్చాయి: చిలీలో 2025లో తొలి చిత్రాలు విడుదల చేసిన రూబిన్ వేధశాల కెమెరా ముందు కటకం వ్యాసం 1.57 మీటర్లు.

తెర ఎలా వెడల్పయింది

1974లో విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి పూర్తి సినిమాస్కోప్ చిత్రం. మామూలు 35 ఎంఎం ఫిల్ములో అంత వెడల్పు దృశ్యం ఎలా పట్టింది? కెమెరా ముందు ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంరీ క్రెతియన్ 1920లలోనే కనిపెట్టిన కటకాల జంట పెడతారు. ఒకటి పుటాకారం, ఒకటి కుంభాకారం. అయితే అవి గిన్నెలా అన్ని వైపులా వంపు తిరిగినవి కావు; నిలువుగా నిలబెట్టిన స్తంభంలా ఒక్కవైపే వంపు ఉన్నవి. అందువల్ల ఎత్తు మీద వాటి ప్రభావం ఉండదు, వెడల్పు మాత్రం సగానికి నొక్కుకుపోతుంది. ఫిల్ము ముక్కను వెలుతురుకు పెట్టి చూస్తే గుర్రాలూ మనుషులూ సన్నగా, పొడుగ్గా సాగి ఉంటారు. హాల్లో ప్రొజెక్టర్‌కు తగిలించే జంట ఆ నొక్కిన వెడల్పును మళ్లీ రెట్టింపు చేస్తుంది. ఆ లెన్సు తగిలించడం మరిచిపోతే తెర మీద హీరో ఊచలా కనిపించేవాడు. సినిమాస్కోప్ గురించి చెప్పుకునేటప్పుడు తెర గురించే మాట్లాడతాం గానీ గెలీలియో జంటే మళ్లీ పనిచేసిందన్న సంగతి గుర్తుకు రాదు.

ఎండ, నిప్పు, ఆక్సిజన్

భూతద్దంతో కాగితం కాల్చడం ఈనాటి ఆట కాదు. క్రీస్తుపూర్వం 423లో ఏథెన్సులో ఆడిన అరిస్టోఫనీస్ నాటకంలో ఒక పాత్ర, అప్పు కేసు రాసిన మైనపు పలకను ఎండలో అద్దంతో కరిగించేస్తానంటుంది. 1774 ఆగస్టు 1న జోసెఫ్ ప్రీస్ట్లీ 12 అంగుళాల కటకంతో ఎండను పాదరసపు ఎర్ర భస్మం మీద పడేలా చేసినప్పుడు వెలువడిన వాయువే ఆక్సిజన్. అంతకు రెండేళ్ల ముందు లావాజియే పెద్ద కటకం కింద వజ్రాన్నే కాల్చి చూశాడు.

వాతావరణ కేంద్రాల్లో ఒక గాజుగోళం కనిపిస్తుంది, కింద వంపు తిరిగిన అట్ట. ఎండ ఉన్నంతసేపూ గోళం అట్ట మీద గీత కాలుస్తూ పోతుంది. మబ్బు పట్టిన చోట గీత తెగుతుంది. సాయంత్రం గీత పొడవు కొలిస్తే ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో తెలుస్తుంది. కాంప్‌బెల్ 1853లో చేసిన దాన్ని స్టోక్స్ 1879లో మెరుగుపరిచాడు. ఇందులో కదిలే భాగం ఒక్కటీ లేదు.

మరి మిట్టమధ్యాహ్నం మొక్కలకు నీళ్లు పోస్తే, ఆకుల మీది చుక్కలు భూతద్దాల్లా ఎండను పోగుచేసి ఆకుల్ని మాడుస్తాయన్న మాట నిజమేనా? హంగరీ శాస్త్రజ్ఞులు 2010లో దీన్ని పరీక్షించారు. నున్నని ఆకు మీద చుక్క పరుచుకుని ఉంటుంది, దాని నాభి ఆకుకు చాలా దిగువన పడుతుంది, ఆకు మాడదు. నూగు ఉన్న ఆకుల మీద చుక్క గుండ్రంగా పైకి నిలబడుతుంది. అక్కడ మాత్రం మాడే అవకాశం ఉంది. మధ్యాహ్నం నీళ్లు పోయొద్దనడానికి ఆవిరైపోతాయన్న కారణం చాలు.

కంట్లో కొత్త కటకం

రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల పైకప్పు పగిలి, పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకునేవి. ఆ ముక్కల్ని కన్ను శత్రువుగా చూడటం లేదని లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. శుక్లం పట్టిన కటకాన్ని తీసేశాక దాని స్థానంలో అదే ప్లాస్టిక్‌తో కుంభాకార కటకం ఎందుకు పెట్టకూడదు? 1949 నవంబరు 29న పెట్టి చూపించాడు. తోటి వైద్యులు చాలాకాలం ఒప్పుకోలేదు. ఇప్పుడు శుక్లాల ఆపరేషన్ అంటే అదే. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆస్పత్రుల సంస్థ అరోల్యాబ్ పెట్టి ఈ కటకాలను ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టాక, దిగుమతి కటకం కొనలేని పేదలకూ అది అందింది. ఈ శతాబ్దాల కటకాల చరిత్రలో ఇంతమందికి మేలు చేసిన సంఘటన ఇంకొకటి ఉందనుకోను.

ప్లస్సూ మైనస్సూ

కళ్లజోడు 1280ల ప్రాంతంలో ఇటలీలో పుట్టింది, అదీ చత్వారానికే. పుటాకార అద్దాలు రావడానికి ఇంకో నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది. 1462లో మిలాన్ ప్రభువు ఫ్రాన్సెస్కో స్ఫోర్జా ఫ్లారెన్సు నుంచి మూడు డజన్ల కళ్లజోళ్లు తెప్పించమని రాసిన ఉత్తరం ఉంది: వాటిలో ఒక డజను దూరం చూసే కుర్రవాళ్లకు, ఇంకో డజను దగ్గర చూసే పెద్దవాళ్లకు. దూరం చూడటానికి అద్దాలు అప్పటికే బజారులో దొరుకుతున్నాయన్నమాట.

చీటీ మీది అంకెలకు అర్థం తెలుసుకోవడం తేలిక. 1872లో ఫ్రెంచి కంటి వైద్యుడు మోనోయే సూచించిన డయాప్టర్ అంటే ఒకటిని మీటర్లలో నాభ్యంతరంతో భాగించడమే. ప్లస్ 2 అంటే అర మీటరు నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకం. మైనస్ 2 ఉన్న పిల్లకు అద్దాలు తీసేస్తే అర మీటరు దాటినదేదీ స్పష్టంగా కనిపించదు. మైనస్ 4 అయితే పావు మీటరు. క్లాసులో నల్లబల్ల ఎంత దూరంలో ఉంటుందో ఆలోచించండి.

ఈ పిల్లల కంట్లో బొమ్మ రెటీనాకు చేరకముందే కట్టేస్తుంది. పుటాకార కటకం కిరణాలను ముందే కాస్త విడదీసి పంపితే బొమ్మ వెనక్కి జరిగి సరైన చోట పడుతుంది. చత్వారంలో దగ్గరి వస్తువుల బొమ్మ రెటీనా వెనక్కి పోతుంది; కుంభాకార కటకం దాన్ని ముందుకు లాగుతుంది. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన ‘కంటి వెలుగు’ శిబిరాల్లో ఊరి పెద్దలకు ఇచ్చిన రీడింగ్ అద్దాలు ఇవే.

అద్దాలు పెడితే సైటు పెరుగుతుందని కొందరు పిల్లలకు పెట్టించరు, లేదా కావాల్సినదానికన్నా తక్కువ పవర్ అడుగుతారు. మలేషియాలో పరీక్షించి చూస్తే తక్కువ పవర్ పెట్టిన పిల్లలకే సైటు వేగంగా పెరిగింది. 2050 నాటికి ప్రపంచంలో సగం మందికి హ్రస్వదృష్టి, అంటే ఈ మైనస్ సైటు, ఉంటుందని 2016లో వచ్చిన ఒక అంచనా. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆరేడేళ్ల పిల్లలకు స్కూల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేస్తే, మూడేళ్లలో కొత్తగా సైటు వచ్చినవారు వాళ్లలో 30.4 శాతమే, ఆ ఏర్పాటు లేని స్కూళ్లలో 39.5 శాతం.

కటకం లోంచి, దుర్భిణి లోంచి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి. ఇంకొక్క మాట. మీ ఇంట్లో పిల్లల్ని గదికి ఆ చివర నిలబెట్టి, ఒక కన్ను అరచేత్తో మూయించి, గోడ క్యాలెండరులో తేదీలు చదివించండి. తర్వాత రెండో కన్ను. తడబడినా, కళ్లు చికిలించినా, టీవీకి దగ్గరగా జరుగుతున్నా కసరకుండా ఈ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి.